సుత్తి ఎక్కడున్నాది?

చీపురుపల్లి,
13 ఏప్రిల్ 1942, సోమవారం.

ప్రియమైన అన్నయ్యకు,

ఈ వేళ ఉదయం పనిసాల తలుపు తీసేసరికి, రంపం తగిలించడానికి నేను దిగ్గొట్టిన చిలక్కొయ్యకు ఒక మేక కట్టేసి ఉంది. రంపం నేలమీద, మేక కాళ్ళ కింద ఉంది. మేక నా వైపు చూసి, నమిలేది నమలడం మానలేదు. అది నములుతున్నది నేను మేకులు పోసి ఉంచిన కొబ్బరి చిప్పలకు కట్టిన తాడు.

మేక ఎవరిదో నీకు చెప్పనక్కర్లేదు. మీ విశాఖపట్నంలో బాంబులు పడ్డాక ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని ఇటు వచ్చేస్తోంది కదా. మన దాలమ్మత్త కూడా నిన్న రాత్రి బండికి దిగింది. నువ్వు క్షేమంగా ఉన్నావనీ, ఓడరేవు పని వదిలి రానన్నావనీ ఆవిడే చెప్పింది. నువ్వు రాలేదు. మేక వచ్చింది.

కోపంగా రాస్తున్నాననుకోకు. కోపంగానే రాస్తున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నిరుడు ఉగాది ముందు, నువ్వు చెక్కిన ద్వారబంధం బాగుందని నాన్న ఒక్క మాట అనలేదని అలిగి వెళ్ళిపోయావే, ఆ వారం నుంచే నాన్నకు పనిముట్లు కనబడటం మానేశాయి. “ఒరే లచ్చుమా, సుత్తెక్కడున్నాదిరా?” “ఒరే, మట్టం ఏదిరా?” రోజంతా ఇదే. నేను పుస్తకం మూసి, లేచి, గోనెసంచిలోని గుట్టలో వెతికి ఇవ్వాలి. జూన్‌లో నేను విజయనగరం వెళ్ళి పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకోవలసినవాణ్ణి. “ఈ ఏడుకి ఉండిపోరా, పనిముట్లు సూపించీవోడు లేడు” అన్నాడు నాన్న. ఆ ఒక్క మాటతో నా ఏడాది చదువు పోయింది. ఒక సుత్తి కోసం, అన్నయ్యా! నాతో చదివినవాళ్ళు ఇప్పుడు పై తరగతిలో ఉన్నారు. నేను వాళ్ళ పాత పుస్తకాలు తెప్పించుకుని రంపపు పొట్టులో కూర్చుని చదువుకుంటున్నాను.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. పంతులుగారు నాకు ఇచ్చిన పాత నిఘంటువులో ప్రతి మాటకూ ఒక చోటుంది. ఆ మాట ఎక్కడుందని ఎవరూ ఎవర్నీ కేకేసి అడగరు. సాల కూడా అలా ఎందుకు ఉండకూడదు? నాన్నను అడిగాను: “నేను చూపించక్కర్లేకుండా అన్నీ వాటి చోట్లో ఉండేలా సర్దేస్తే, ఈ జూన్‌లో బడికి పంపుతావా?” నాన్న కొయ్య చెక్కుతున్న బాడిస పక్కన పెట్టి, “సూద్దాం” అన్నాడు. నేను దాన్ని అవుననే లెక్కలో వేసుకున్నాను.

ఎంత పని చేశానో నువ్వు చూడాలి. గోడకు వెదురుబద్ద కొట్టి, ఉలులు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా దోపాను. రంపాలకు చిలక్కొయ్యలు పెట్టాను. మేకులు సైజువారీగా కొబ్బరి చిప్పల్లో పోసి, తాళ్ళతో దూలానికి వేలాడదీశాను. ముక్కచెక్కలు పొడుగు ప్రకారం మూలన నిలబెట్టాను. పలకలను అటక మీద, మధ్యలో గాలి ఆడేలా బద్దలు వేసి పేర్చాను. నాన్నకు చదవడం రాదు కనుక పేర్లు రాసి లాభం లేదు. అందుకే ప్రతి పనిముట్టునూ గోడకు ఆనించి, చుట్టూ బొగ్గుతో గీశాను. సుత్తి తీస్తే గోడమీద సుత్తి ఆకారం మిగులుతుంది, దాన్ని తిరిగి ఎక్కడ పెట్టాలో అదే చెబుతుంది. సంచి ఖాళీ అయిపోయింది.

ఇప్పుడు చూడు. ఉలుల వరస మీద అత్త చీర ఆరుతోంది. అరంగుళం ఉలితో చింతపండు గింజలు తీసింది. చెక్కలు అతికే సరేసు కాచే గిన్నెలో కోడికి నీళ్ళు పెట్టింది. నేను నోరు తెరిచేలోపే, “ఏట్రా అలాగ సూస్తన్నావు? గోడనిండా కొయ్యలున్నాయి కదా అని తగిలించినాను” అంది. దీన్ని పంతులుగారు ‘అరాచకం’ అంటారు. ఆ మాట నేర్చుకున్నాక వాడే అవకాశం ఇన్నాళ్ళూ రాలేదు. మన ఇంట్లోనే దొరికింది.

సాయంత్రం ఇంకా ఘోరం. నేను స్టేషన్ దాకా వెళ్ళి వచ్చేలోగా అత్త గోడంతా ఎర్రమట్టితో అలికేసింది. ఒక్క గీత లేదు. పనిముట్లన్నీ ఒక తట్టలో పోసి మూలకు నెట్టింది. “మసి పట్టిపోనాదిరా గోడ, ఇప్పుడు సూడు ఎంత బాగున్నాదో!” నాన్న వాకిట్లో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

అన్నయ్యా, ఆవిణ్ణి ఇంకెక్కడికైనా తీసుకువెళ్ళమని నీకు రాస్తున్నాను. వెంటనే జవాబు రాయి.

నీ తమ్ముడు,
లక్ష్మణరావు


చీపురుపల్లి,
10 మే 1942, ఆదివారం.

అన్నయ్యకు,

నువ్వు జవాబు రాయలేదు. పేరుకు లక్ష్మణుణ్ణే గానీ, నీ వెనకాల అడవులకు రమ్మంటే రాను.

గోడ మళ్ళీ గీశాను. ఈసారి బొగ్గు కాదు, దీపం మసిలో ఆముదం కలిపి గీశాను. మూడు రోజులు హాయిగా గడిచాయి. నాన్న చెయ్యి చాచితే సుత్తి దొరికింది. నన్ను పిలవలేదు. నేను ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా లేవకుండా చదివాను. అలా చదివి ఏడాది అయింది. నాలుగోనాడు పొద్దున్న చూస్తే గోడ మళ్ళీ ఎర్రగా, తడితడిగా ఉంది.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాను. అత్తమీద అరవకూడదని తెలుసు. అయినా అరిచాను. “నా చదువు నీకేం అడ్డమొచ్చింది అత్తా?” అన్నాను. ఆవిడ అలుకుగుడ్డ నా కాళ్ళ ముందు విసిరింది.

“నాకేటి సరదాయేట్రా, నడుములు పడిపోయినట్టుగ గోడలు అలకడానికి? మీ బాబే అలకమన్నాడు. మొదటిసారీ ఆడే, ఇప్పుడూ ఆడే. ఆడినడుగు, ఎల్లు!”

నేను అబద్ధమన్నాను. అబద్ధం కాదని ఆ మధ్యాహ్నమే తెలిసింది.

నేను లేననుకున్నాడు నాన్న. కిటికీ బయట మేకకు నీళ్ళు పెడుతున్నాను (అవును, ఇప్పుడు ఆ పని కూడా నాదే). గోడమీద గీతల్లేవు. ఉలులన్నీ తట్టలో కలగాపులగంగా ఉన్నాయి. నాన్న దూలానికి బెజ్జం తొలుస్తున్నాడు. తల తిప్పలేదు. కుడిచెయ్యి వెనక్కి పెట్టి, తట్టలో వేళ్ళతో ఒకసారి తడిమి, అరంగుళం ఉలి తీశాడు. దానితో పని చేసి, పెట్టి, ముప్పావు ఉలి తీశాడు. మళ్ళీ అరంగుళం తీశాడు. ఒక్కసారి కూడా తప్పుది రాలేదు.

నేను తలుపు తోసుకుని లోపలికి వచ్చాను. నా అడుగుల చప్పుడు వినగానే నాన్న ఆ ఉలిని తొడ కిందకు తోసేసి, దానిమీద కూర్చుని, “ఒరే లచ్చుమా, అరంగుళం ఉలి ఎక్కడున్నాదిరా?” అన్నాడు.

అన్నయ్యా, నాకు చాలా మాటలు వచ్చు. నిఘంటువులో సగం దాకా చదివాను. ఆ క్షణాన వాటిలో రెండే వాడాను. “నీ కిందుంది” అన్నాను. నాన్న కదల్లేదు. “నాకేటి కనబడతాదిరా, వెతుకు” అన్నాడు, నా మొహంలోకి చూడకుండా. నేను వెతకలేదు. బయటికి వచ్చేశాను.

ఏడాది పాటు నన్ను మోసం చేశాడు. ఈ మాట కొట్టేసి వేరే మాట రాద్దామనుకున్నాను. ఇంతకన్న సరైనది దొరకలేదు. ఇకనుంచి నాన్న సుత్తి అడిగితే నేను పలకను. అనుమతి ఇచ్చినా ఇవ్వకపోయినా జూన్‌లో విజయనగరం వెళతాను. నువ్వు ఎలా వెళ్ళావో అలాగే.

లక్ష్మణరావు


చీపురుపల్లి,
28 జూన్ 1942, ఆదివారం.

అన్నయ్యకు,

ఇది నీకు రాస్తున్న ఆఖరి ఉత్తరం కావచ్చు. జవాబు రాయనివాడికి రాయడం అంటే గోడమీద గీసి అలికించుకోవడమే.

నేను అనుకున్నట్టే చేశాను. నాన్న పిలిచాడు, నేను పలకలేదు. మొదటి రోజు నాలుగైదుసార్లు పిలిచాడు. తరవాత తగ్గించాడు. తరవాత మానేశాడు. నేను గెలిచాననుకున్నాను. సాల నిశ్శబ్దంగా ఉంది, చదువు బాగా సాగింది. కానీ నాన్న పని సాగలేదు. పొద్దున్న పట్టిన పలక సాయంత్రానికి అలాగే ఉండేది. చిత్రిక పట్టిన చోటే మళ్ళీ పడుతున్నాడు.

అత్త నన్ను పెరట్లోకి పిలిచి, మేకను పితుకుతూ అడిగింది: “ఏట్రా, బాబుతో మాటల్లేవేటి?”

ఉలి సంగతి చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకుంటే నవ్వింది.

“ఆడికి సుత్తి కనబడకపోడమేట్రా! ఆడి సేతిలో పుట్టినాయి అవన్నీని. ఆడికి కావలసినది సుత్తి కాదు, పిలిస్తే పలికీ మనిసి. మీ అమ్మ ఉన్నప్పుడు దాన్ని పిలిసీవోడు. అది పోయినాక మీ అన్న జగ్గుడ్ని. ఆడు ఎల్లిపోనాడు. ఇప్పుడు నిన్ను. నువ్వూ ఎల్లిపోతే ఎవుల్ని పిలుస్తాడు, నీ బొగ్గుగీతల్నా?”

నాకు ఇంకా కోపం వచ్చింది. “అయితే ఆ మాటే చెప్పొచ్చు కదా! ‘ఉండిపోరా, నాకు తోచదు’ అని ఒక్కసారి అంటే సరిపోయేది కదా!”

అత్త పితకడం ఆపింది. “అలాగ సెప్పడం ఆడికి వస్తే మీ అన్న ఎల్లీవోడేట్రా?”

దీనికి జవాబు చెప్పవలసినవాడివి నువ్వు. నీ దగ్గర ఉంటే రాయి. నువ్వు ఆ ద్వారబంధం వదిలేసి వెళ్ళావే, అది ఇప్పటికీ అటకమీద ఉంది. పలకలు పేరుస్తూ నేను దాన్ని కదపబోతే, నాన్న “అదలాగే ఉండనీ” అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు, చోటు దండగ అనుకున్నాను.

నిన్న నాన్న దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను. “సోమవారం బడి తెరుస్తారు. పొద్దున్న బండికి వెళుతున్నాను” అన్నాను. నాన్న పలక మీది చెక్కపొట్టు ఊదాడు. తరవాత, ఎన్నో రోజుల తరవాత, మెల్లిగా అన్నాడు: “మరి సుత్తెక్కడున్నాదిరా?”

నేను పలకనని ఒట్టు పెట్టుకున్నాను. పలకలేదు. ఇంతలో వంటింట్లోంచి అత్త నాన్నను పేరు పెట్టి కేకేసింది.

“నీ నెత్తిమీద గోడకున్నాదిరా సోములూ! కళ్ళు పోనాయేటి?”

“నిన్నెవులడిగినారప్పా?” అన్నాడు నాన్న తన అక్కతో.

“అడక్కపోతే మానీ! సెప్పీసినాను కదా, తీసుకో!”

“అట్లకాడ తిప్పుకోకుండ సుత్తుల గొడవ నీకేల?”

“నా మేక పాలు నీకెందుకో, నీ సుత్తి గొడవ నాకందుకే!”

నాన్న గోడవైపు తిరిగి సుత్తి తీశాడు. మొహం నాకు కనబడలేదు గానీ భుజాలు కదులుతున్నాయి. నవ్వో మరొకటో నేను చెప్పలేను. కాసేపటికి అటు తిరిగే, “ఆడికి బియ్యం మూట కట్టప్పా, పొద్దున్న బండికెల్తాడట” అన్నాడు. నాకు దొరికిన అనుమతి అంతే. దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను.

అత్త ఇక విశాఖపట్నం వెళ్ళదట. “బాంబులకి భయమా?” అంటే, “మీ బాబు నోటికన్న బాంబేట్రా?” అంది. ఈవిణ్ణి తీసుకుపొమ్మని నీకు రాశాను. ఆ ఉత్తరం చించెయ్యి.

కోపం తగ్గిందనుకోకు. నాన్నమీద ఉంది. పోయిన ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వరు. నీమీద ఇంకా ఉంది. నన్ను పిలిచిన పిలుపుల్లో సగం నీకు చెందినవి, అవన్నీ నేను మోశాను. సెలవుకు ఒక్క పూట వచ్చి, సాలలో కూర్చుని, ఆ సుత్తి ఎక్కడుందో నువ్వు ఒకసారి చెప్పి వెళ్ళు.

గోడ మళ్ళీ గీశాను. పదిరోజులైనా ఈసారి ఎవరూ అలకలేదు. ప్రతి పనిముట్టూ దాని గీతలో ఉంది. కన్ను మూసుకుని తీయొచ్చు. అదే ఇప్పుడు నాకు బాధగా ఉంది, అడగడానికి నాన్నకు ఏమీ మిగలలేదు. అందుకని రేపు తెల్లవారగానే, నాన్న ముఖం కడుక్కోవడానికి నూతి దగ్గరకు వెళ్ళినప్పుడు, సుత్తిని చిలక్కొయ్య నుంచి తీసి మేక గడ్డిబుట్టలో అడుగున దాచేసి, స్టేషన్‌కు వెళ్ళిపోతాను. చోటు అత్తకు చెప్పాను.

నీ తమ్ముడు,
లచ్చుమన్న