ఎనిమిది నిమిషాలు

తమ్ముడూ,

ఫోన్‌లో అయితే నీ గొంతు వినగానే మాట మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. అంబులెన్సుకి నువ్వు ఆలస్యంగా ఫోన్ చేశావని, ఒకే ఇంట్లో ఉంటూ నాన్న నీతో మాట్లాడడం మానేశాడు. పడిపోయిన వెంటనే చేశానని నువ్వు మొత్తుకుని మొత్తుకుని ఊరుకున్నావు. బండి ఎనిమిది నిమిషాల్లో వచ్చిందని ప్రభుత్వం వాళ్ళ కాగితమే చెబుతుంటే, ఆలస్యం నీదే అనుకుంటారు గానీ నీ మాట ఎవరు వింటారు?

ఆ ఎనిమిది నా చేతి పని. ప్రభుత్వ సేవల పనితీరు లెక్కగట్టడానికి మా విభాగానికి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది నేనే. ఉచితం, పైగా ఏ లెక్క ఎలా వేస్తున్నామో ఎవరైనా తెరిచి చూడొచ్చని అందరికీ గొప్పగా చెప్పాను. మొదటి నెల, జనమంతా చూసే మా బోర్డు మీద అంబులెన్సుల గడి ఆలస్యమని ఎర్రగా వచ్చింది. పై అధికారి నా బల్ల దగ్గరకొచ్చి, "ఫోన్ వచ్చినప్పటి నుంచి ఎందుకమ్మా? బండి కదిలినప్పటి నుంచి లెక్క వెయ్యి" అన్నాడు. సబబే అనిపించింది. ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చాను. గడి పచ్చబడింది. చప్పట్లు కూడా కొట్టుకున్నాం.

అమ్మ కోసం బండి కదలడానికే ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. అమ్మ పోయిన వారంలోనే అది లెక్కల్లో చూశాను. తెలిసీ నోరు కుట్టుకున్నాను. నాన్న నిన్ను "నిర్లక్ష్యపు వెధవా" అన్నప్పుడు పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టాను. నా పరువు కోసం నిన్ను బలిచ్చాన్రా.

ఈ రోజు ఆ వరుస సరిచేశాను. గడి మళ్ళీ ఎర్రగా ఉంది. ఉద్యోగం ఊడితే ఊడనీ. ఈ ఉత్తరం నాన్నకి చూపించు.

నీ అక్క


అక్కా,

ఆ వరుస నేను పోయిన ఏడాదే చూశాను. ఎవరైనా చూడొచ్చన్నావుగా. ప్రతి మార్పు పక్కనా చేసినవాళ్ళ పేరుంది. దీని పక్కన 'గడియారం' అని ఉంది. నా స్నానానికి కూడా నిమిషాలు లెక్కపెడుతున్నావని చిన్నప్పుడు నీకు నేను పెట్టిన పేరు. నాన్నకి చెబుదామని గది దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. భార్య పోయిన మనిషికి కూతుర్ని కూడా దూరం చెయ్యడం నావల్ల కాలేదు. నువ్వే చెబుతావని ఎదురుచూశాను. కోపం లేదని అబద్ధం రాయను.

నిన్న నాన్నకి నీ ఉత్తరం చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు వెంటనే ఫోన్ చేశావని అమ్మకి తెలుసా?" అని అడిగాడు. పద్నాలుగు నెలల్లో నాతో అన్న మొదటి మాట.

"ఫోన్ చేస్తున్నంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది నాన్నా" అన్నాను. ఆయనకి అంతవరకే చెప్పాను. మిగతాది నీకు రాస్తున్నాను, దీన్ని ఒక్కడినే మొయ్యలేను.

ఆ రోజు నేను ఫోన్ పెట్టేయగానే "వస్తున్నార్రా?" అంది అమ్మ. మీ బోర్డు మీద చూసిందే చెప్పాను, ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తారని. అమ్మ తలుపు వైపు తిరిగింది. "అయితే వస్తార్లే. మీ అక్క లెక్క తప్పదు" అంది.

ఒకసారి ఇంటికి రా.

తమ్ముడు