మెట్టు మింద కాలి అచ్చు

పట్టాభిరామ్ ఊరి బడిలో ఇంద్రాణి టీచరమ్మగారికి, వెంగల్ నుంచి కోకిల తాత నమస్కారంతో రాసేది.

పోయిన శుక్రవారం మీరు నేర్పిన గాజు చెప్పు కథను, అదే పనిపిల్ల జారవిడిచిన చెప్పు పట్టుకొని రాజు కొడుకు ఆమెను వెదికే తెల్లోళ్ల కథను, మా కోకిల వేరేగా చెప్తుంది. తప్పు నాది, బిడ్డను బెంచీ ఎక్కించొద్దు.

లీవుకొచ్చి నాకు ఆ కథ చెప్పింది. నేను ఊరికే ఉండక, "రాజు ఇల్లు యాడ చూసినాము పాపా, తిరుత్తణి కొండ మింద ఆడికృత్తిక తిరనాళ అనుకో" అన్నాను.

"అయితే చెప్పులు కొండ కిందనే వదిలుంటుంది గదా తాతా? మెట్ల మింద ఏం దొరుకుతుంది?" అనింది.

రెండు దినాలు ఇద్దరమూ ఆలోచించినాము. కడకు పాపే చెప్పింది. ఎవరో విభూతి ఒలకబోసిన మెట్టు మింద ఆ పిల్ల కాలి అచ్చు పడిందంట. పొద్దస్తమానం పని చేసే పిల్ల గదా, అచ్చులో మడమ పగుళ్లు కూడా ఉన్నాయంట. రాజు కొడుకు కింద కూర్చొని అందరి కాళ్లూ పట్టి చూస్తాడంట.

అంతా చెప్పి, మా ఇంటామె కాలెత్తి చూసి, "అవ్వా, నీకు సరిపోయింది" అనింది. ఆమె సిగ్గుపడి కాలు లాక్కొనింది.

ఒకటి అడగాలని ఉంది. ఆ దేశంలో గుడికి పోతే గాజు చెప్పులు యాడ వదుల్తారు?

కోకిలను చెప్పనిస్తే, వచ్చే శుక్రవారం బడికొచ్చి కిటికీ బయట నిలబడి వింటాను. లోపలికి పిలవొద్దు.