పేరు రాయని పొట్లాలు

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి అమ్మ దీవించి రాసేది. మీ నాన్న మోకాలు తప్ప ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. ఆ మోకాలు కూడా మేడ మీద ట్యాంకు చూసి రమ్మన్నప్పుడే నొప్పెడుతుంది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మన మందుల షాపు కౌంటరు మీ నాన్నకు అప్పజెప్పి, వెనక గదిలో మందుల పెట్టెల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. ఈలోగా ఆయన దగ్గుమందు అడిగినావిడకు కాళ్ల పగుళ్ల మందు ఇవ్వబోయారు. ఆవిడ సీసా మీద చదువుకుంది కాబట్టి బతికిపోయాం.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. ప్రొలాక్టిన్ అంటే భూతమేం కాదే. బాలింతకు పాలు పడేలా చేసే హార్మోను. మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంటుంది, అక్కడ తయారవుతుంది. బిడ్డ పాలు తాగుతున్నన్నాళ్లూ అది ఎక్కువగా ఉండి, "ఇంకో బిడ్డకు తొందరేం, ఆగు" అన్నట్టు అండం విడుదల కాకుండా చూస్తుంది. అది మంచి ఏర్పాటే. కానీ ఒళ్లో బిడ్డే లేని నీకు, పాతిక లోపు ఉండాల్సింది తొంభైకి ఎక్కి కూర్చుంటే నెలసరి తప్పక ఏం చేస్తుంది? "నా ఒంట్లోనే ఏదో లోపం ఉందా అమ్మా?" అని రాశావు. పిచ్చిదానా, నీ గర్భసంచి బాగుంది, అండాశయాలు బాగున్నాయి, నువ్వు పంపిన రిపోర్టు నేను అక్షరం వదలకుండా చదివాను. తాళం వేసిన గదిని పాడుబడిందంటారా ఎవరైనా?

తలకు స్కానింగ్ అన్నారని వణికిపోతున్నావు. ఆ గ్రంథి మీద చిన్న గడ్డ ఉన్నా ఈ హార్మోను పెరుగుతుంది, అందుకే అడిగారు. డాక్టరమ్మ తప్పేమీ లేదు. "మందులేమైనా వాడుతున్నావా?" అని కూడా సరిగ్గానే అడిగింది. నువ్వేమో "ఏమీ లేవండీ" అన్నావట. ఆ ముక్క దగ్గరే ఉత్తరం పక్కన పెట్టి లేచాను.

అసలు సంగతి ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. ఇక చెప్పక తప్పదు.

పెళ్లైన కొత్తలో అన్నం తింటే వికారంగా ఉందన్నావు. అప్పటి నుంచి నెలనెలా పొట్లాలు కట్టి పంపుతున్నాను. పేరు రాస్తే ఫోన్లో వెతికి కంగారు పడతావని, బిళ్ళలు స్ట్రిప్పులోంచి తీసి, పొట్లం మీద "పొద్దున", "రాత్రి" అని మాత్రమే రాశాను. మనింట్లో నేనిచ్చేదాన్ని మందని ఎవరన్నారు? "అమ్మ బిళ్ళ", అంతే. నువ్వూ మందనుకోలేదు. దాని పేరు డోంపెరిడోన్. నాలుగు రోజులు వాడాల్సింది రెండేళ్లు పంపాను. అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుందని పెట్టెలోని కాగితం మీద చీమతలకాయంత అక్షరాలతో ఉంది. ముప్పయ్యేళ్లుగా ఆ పెట్టెలు అమ్ముతూ, ఆ కాగితం మంగళవారమే మొదటిసారి విప్పాను. నీ కడుపు పండకుండా అడ్డం పడింది కన్నతల్లేనే. నన్ను క్షమించు తల్లీ.

ఏడుస్తూ కూర్చునే రకం కాదు నేను, నీకు తెలుసు. రేపే ఈ ఉత్తరం తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టు. ఆ మందు ఆపేస్తే చాలామందికి కొద్ది రోజుల్లోనే అంకె దిగుతుంది. ఆవిడ చెప్పినప్పుడు మళ్లీ రక్తపరీక్ష చేయించు, స్కానింగ్ కావాలో వద్దో ఆవిడే తేలుస్తుంది. వికారానికి ఏం వేసుకోవాలో కూడా ఆవిడనే అడుగు, నన్ను కాదు. రాస్తూ పైకి అన్నానేమో, ఈ మాట నా నోట విని మీ నాన్న కళ్లద్దాలు తీసి మరీ నన్ను చూశారు. దిగుతుందే, నాకు నమ్మకం ఉంది.

ఇంకొక్కటి. మీ అత్తగారు నలుగురిలో "మా కోడలి ఒంట్లోనే ఏదో ఉంది" అంటున్నారని రాశావు. "వదినగారూ, లోపం మీ కోడలిది కాదు, తప్పు నాది, అనేదేదో నన్నే అనండి" అని ఆవిడకు వేరే ఉత్తరం రాశాను. నిన్నడిగితే వద్దంటావు. అందుకే ఇది మొదలుపెట్టక ముందే దాన్ని పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

ఇట్లు,
మాట పడటానికి సిద్ధంగా ఉన్న
మీ అమ్మ