స్టార్టవని కారు, లెక్కల టీచరు

సోమవారం, పొద్దున

కారు స్టార్టవలేదు. తాళం తిప్పితే చడీచప్పుడూ లేదు. మా ఆయన బస్సుకి పరిగెడుతూ, "మెకానిక్‌కి ఫోన్ చెయ్యి" అన్నారు. చెయ్యను.

శుక్రవారం మామగారికి కంటి ఆపరేషన్. వెళితే తన కారులోనే వెళతానని, లేకపోతే వెళ్లనే వెళ్లనని ఆయన డాక్టరు ముందే చెప్పేశారు. ముప్పయ్యేళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. ఊళ్లో సగం మందికి ఆయన 'బ్రేకు మాస్టారు'. చూపు మసకబారాక కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. కొడుకు చేతిలో కాదు, నా చేతిలో. అలాంటి బండిని ఎవరికో అప్పగిస్తానా?

అందుకే ఈ డైరీ. బళ్లో నేను లెక్కల టీచర్ని. జబ్బేమిటో తెలియకుండా మందు వెయ్యను. ఊహించి ఒక్క సామానూ మార్చను. మెకానిక్‌ని పిలవను. కారుని తిట్టను.

సాయంత్రం

హెడ్‌లైట్లు వేశాను, వెలగలేదు. హారన్ నొక్కాను, మోగలేదు. అంటే అసలు కరెంటే రావడం లేదు. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ మీద తీగ వదులై ఊగుతోంది. స్పానరుతో బిగించాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

మామగారు వరండాలో కుర్చీలోంచి, "పాత బండి కదమ్మా, అదురుకి వదులవుతుంటాయి" అన్నారు. మెచ్చుకోలేదు. ఆయనకు అలవాటు లేదు.

భోజనాల దగ్గర ఈ కథ రెండుసార్లు చెప్పాను. రెండోసారి మా ఆయన వినలేదు.

మంగళవారం

ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. కంగారేం లేదు. తిరుగుతోంది కాబట్టి బ్యాటరీ కాదు. పెట్రోలు అందకపోవాలి, లేదా నిప్పురవ్వ పడకపోవాలి. పెట్రోలు వాసన గుప్పున కొడుతోంది. కాబట్టి రవ్వే. తీగలన్నీ ఒక్కొక్కటే తడుముకుంటూ పోతే రవ్వ పుట్టించే కాయిల్ దగ్గర లావుపాటి తీగ ఊడి పక్కకు పడి ఉంది. గట్టిగా దూర్చాను. బండి గుర్రుమంది.

బడికి ఆలస్యం. హెడ్మిస్ట్రెస్ నా చేతుల జిడ్డు చూసి సబ్బు అందించారు.

"ఎలా పట్టుకున్నావు?" అని మామగారు అడిగారు.

"వాసన చూసి."

"నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ ఇంత తొందరగా పట్టుకోలేదు" అన్నారు, ఎందుకో దిగులుగా.

బుధవారం

స్టార్టవుతోంది. వెంటనే ఆగిపోతోంది. పెట్రోలు ఉంది, రవ్వ ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపాను. అయినా అంతే. లెక్క కుదరడం లేదు.

సాయంత్రం కొత్త స్పార్క్ ప్లగ్గులు కొన్నాను. ఇది ఊహ కాదు, ముందుజాగ్రత్త. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సినవే కదా.

మార్చాను. కారులో మాత్రం ఏ మార్పూ లేదు.

గురువారం, పొద్దున

బడికి సెలవు. కొత్త బ్యాటరీ తెచ్చాను. షాపతను, "పాతదానికేమైంది మేడమ్?" అన్నాడు. ఏమీ కాలేదన్నాను. బిల్లు రాశాడు. తెచ్చి బిగించాను, అయినా అంతే.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. పిలవడానికి కాదు, సలహాకి. రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు. ఆపరేషన్ పొద్దున.

కారుని తిట్టాను. పక్కింటావిడ కిటికీ మూసుకుంది.

"పోనీలేమ్మా, వచ్చే నెలకి వాయిదా వేద్దాం" అన్నారు మామగారు. వారం రోజులుగా ఆ గొంతులో ఇంత హుషారు వినలేదు.

సాయంత్రం

ఒళ్లు మండి వెనక బంపరుని ఒక్క తన్ను తన్నాను. కాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. కళ్లెదుట పొగగొట్టం. లోపల బూడిదరంగు గుడ్డ కొస. చేత్తో రాలేదు, పట్టకారుతో లాగాను. మేజోడు. దాన్నిండా కుక్కిన గుడ్డపేలికలు. పొగకి దారి లేకే ఇంజను ఆగిపోతోందన్నమాట. మడమ దగ్గర నేను వేసిన కుట్టు.

తీసుకెళ్లి మామగారి ఒళ్లో పెట్టాను. ఆయన వేళ్లతో తడిమి తల దించుకున్నారు.

"ఆ తీగలు కూడా మీరేనా?"

"తెల్లారగట్ల, మీరు లేవకముందు. కళ్లు కనబడకపోయినా ఆ బండిలో ఏది ఎక్కడుందో చేతులకి తెలుసు."

"ఆపరేషన్‌కి రానని ఒక్క మాట చెబితే సరిపోయేదిగా, మామయ్యగారూ."

"భయమని చెప్పమంటావా? ఊరందరికీ భయపడొద్దని చెప్పినవాణ్ణి." మేజోడుని వేళ్లతో నలిపారు. "ఇప్పుడు మసగ్గానైనా నీ ఆకారం తెలుస్తోందమ్మా. కత్తి పెట్టాక అదీ పోతే?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఓదార్చడం నాకు చేతకాదు. "మొదటిరోజు స్టీరింగు పట్టుకుని వణికేవాళ్లకి ఏం చెప్పేవారు?" అని అడిగాను.

"పక్కన నేనుంటాను, నా కాలి కింద కూడా ఒక బ్రేకుంది అనేవాణ్ణి."

"రేపు మీ పక్కన నేనుంటాను."

"నీ కాలి కింద బ్రేకుందా?"

"మీరు ఆపమంటే ఆపిస్తాను. డాక్టరునైనా సరే."

ఆయన మేజోడు దులిపి జేబులో పెట్టుకున్నారు. "టైర్లలో గాలి చూసుకో. పెందలాడే బయలుదేరాలి" అన్నారు.

శుక్రవారం

కారు మారుమాట్లాడకుండా స్టార్టయింది. దారి పొడుగునా "బ్రేకు, బ్రేకు" అంటూనే ఉన్నారు. ఆపరేషన్ గది తలుపు దాకా నా చిటికెనవేలు వదల్లేదు. ఆపమని మాత్రం అనలేదు.

శనివారం, మధ్యాహ్నం

కట్టు విప్పారు. ముందు గోడ మీది క్యాలెండరులో అంకెలు చదివారు. తర్వాత నన్ను పరీక్షగా చూసి, "నీకు జుట్టు నెరిసిందే" అన్నారు. నర్సు నవ్వాపుకుంది. నేను ఆపుకోలేదు, కానీ అది నవ్వు కాదు.

ఆసుపత్రి ఆవరణలో కారెక్కి తాళం తిప్పాను. టిక్. మళ్లీ తిప్పాను. టిక్. మెల్లగా పక్కకు తిరిగాను.

నల్లకళ్లద్దాల మనిషి రెండు చేతులూ పైకెత్తారు. "ఈసారి నేను కాదమ్మా."

"నిజం?"

"నిజం. ఏమైందో మాత్రం ఆ చప్పుడులోనే తెలిసిపోయింది. చెప్పనా, నువ్వే కనుక్కుంటావా?"

నేనే కనుక్కుంటాను. ఊహించను, ఎవరినీ పిలవను, తిట్టను. ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు.

హెడ్‌లైట్లు వేశాను. వెలుగుతున్నాయి.