రోజుకో కొత్త మాట

ప్రియమైన టీచరమ్మకి,

నేను క్షేమం. నువ్వూ చంటిదీ కులాసా అని తలుస్తాను. మిల్లు మూతపడ్డాక దొరికిన పని, ఏదైతేనేం అనుకుని వచ్చాను గానీ ఇక్కడ నా ప్రాణానికి ఒక పుస్తకం వచ్చిపడింది. మాది మంచం పట్టిన వాళ్ళని చూసుకునే హోమ్. తినిపించడం, ఒళ్ళు తుడవడం, నాలుగడుగులు నడిపించడం నాకు చేతనవును. అవన్నీ రోజూ ఇంగ్లిష్‌లో రాయాలట! "తిన్నారు, కూర్చున్నారు, పడుకున్నారు" అని రాసి చూపిస్తే పెద్ద సిస్టర్ పుస్తకం నా ముందు పడేసింది.

"తిన్నారని నాకు తెలీదా? ఎలా తిన్నారు? డాక్టరు రెండు వారాలకోసారి వస్తారు. నీ పుస్తకం చూసే తిండీ మందూ మారుస్తారు" అంది.

నాకు అప్పజెప్పింది ఒక దర్జీ పెద్దాయన్ని. పక్షవాతంతో సగం నోరు పడిపోయింది, మాట లేదు. మెత్తగా గుజ్జు చేసిందే పెట్టాలి. ఎడమచేతి వేళ్ళు మాత్రం దుప్పటి అంచుని మడతలు పెడుతూనే ఉంటాయి, కుట్టుకి సిద్ధం చేస్తున్నట్టు. కూతురు బస్సు కండక్టరు, నెలకోసారి గానీ రాలేదు.

మూడు నెలలు చూసి ఉంచుతారు, లేదా పొమ్మంటారు. నీ దగ్గర చదువుకోకుండా నిన్ను పెళ్ళి చేసుకున్నందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను. ఆ 'ఎలా' సంగతేమిటో కాస్త చెప్పు.

నీ మొద్దు విద్యార్థి


ప్రియమైన శ్రీవారికి,

పదేళ్ళుగా నా మాట చెవిన పెట్టని మనిషి పాఠం చెప్పమని రాస్తే నమ్మలేక రెండుసార్లు చదువుకున్నాను. చంటిదానికీ చదివి వినిపించాను.

వినండి. చేసిన పని రాశాక దాన్ని 'ఎలా?' అని అడగండి. వచ్చే జవాబే మీకు కావలసిన మాట. నడిచారు. ఎలా? నెమ్మదిగా. అంటే స్లోలీ. మనకి చివర 'గా' ఎలాగో, వాళ్ళకి 'లీ' అలాగ. అలాగని దొరికినదానికల్లా తగిలించకండి. ఫాస్ట్ అంటే ఫాస్టే, ఫాస్ట్‌లీ లేదు. బాగా అనడానికి గుడ్‌లీ అని రాశారో, మీతో మాట్లాడను. అది వెల్. కష్టంగా అనాలంటే విత్ డిఫికల్టీ. ఇంకోటి, పాలు తాగారని మొత్తం రాసేసి చివర స్లోలీ పెట్టండి. తాగడానికీ పాలకీ మధ్యలో దూర్చకండి.

ముఖ్యమైనది మర్చిపోయాను. ఒకసారి వాడిన మాట మళ్ళీ వాడకండి. మా క్లాసులో ఎవరైనా అలా రాస్తే ఎర్ర సున్నా చుట్టి మార్కు కోస్తాను. రోజుకో కొత్త మాట పడితే మీ సిస్టర్ నోరు దానంతటదే మూతపడుతుంది. ఇరవై మాటలు అర్థాలతో సహా కాగితం వెనక రాశాను.

మీరు లేకుండా ఇల్లు ఏం బాగాలేదు. వేళకి తింటున్నారా?

మీ టీచరమ్మ


ప్రియమైన టీచరమ్మకి,

నీ నోట్లో చక్కెర పొయ్య! పెద్ద సిస్టర్ నా పుస్తకం మిగతా పనివాళ్ళకి చదివి వినిపించింది. "చూసి నేర్చుకోండి" అంది. నేను తలొంచుకుని నిలబడ్డాను గానీ లోపల ఒకటే గంతులు.

నీ కాగితం జేబులోనే ఉంటుంది. వాడిన మాటకల్లా టిక్కు పెడుతూ వరసన దిగుతున్నాను. మొదటి రోజు విత్ డిఫికల్టీ, రెండో రోజు స్లోలీ, మూడో రోజు క్వైట్‌లీ. నిన్న హ్యాపీలీ వంతు వచ్చింది. ఇవాళ పన్నెండోది, ఈగర్లీ. ఆత్రంగా తిన్నారని రాశాను.

పెద్దాయన ఎప్పటిలాగే ఉన్నాడు పాపం. ముద్ద బుగ్గలోనే పెట్టుకుని కూర్చుంటాడు. మింగబోతే పొలమారుతుంది, దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడతాయి. ఒక్క గిన్నె తినిపించేసరికి నాకు చెమటలు పడతాయి. కానీ కష్టంగా అనేది మొదటి రోజే అయిపోయింది కదా, ఏం చెయ్యను?

రేపు డాక్టరు వస్తారు. నా ఇంగ్లిష్ చూసి ఏమంటారో! ఇంకో ఇరవై మాటలు పంపించు.

ఇక మొద్దు కాని నీ విద్యార్థి


ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం చదవగానే సిస్టర్ దగ్గరికి వెళ్ళండి. పొలమారుతోందని నాకు రాశారు, ఆత్రంగా తిన్నారని వాళ్ళకి రాశారు. డాక్టరు చదివేది నాకు రాసిన ఉత్తరం కాదు కదండీ!

తప్పు నాది. వ్యాసాలు రాసే పిల్లలకి చెప్పేది మీకు చెప్పాను. ఆయన రోజూ కష్టంగా తింటుంటే రోజూ కష్టంగా అనే రాయాలి, వందసార్లయినా సరే. ఇంకే మాటలూ పంపను. తిడితే పడండి, పొమ్మంటే వచ్చెయ్యండి.

ఇది మీకు చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. నాకు భయంగా ఉంది.

మీ నేను


ప్రియమైన నీకు,

నెల రోజులుగా రాయలేదు. ఆ తర్వాత నువ్వు రాసిన మూడు ఉత్తరాలూ విప్పలేదు.

ఆ రోజు డాక్టరు పుస్తకం తిరగేసి చాలా సంతోషించారు. ఇంత ఆత్రంగా తింటుంటే ఇంకా గుజ్జెందుకు, మామూలు తిండి పెట్టమన్నారు. నేను అక్కడే ఉన్నాను. అలా రాసినవాణ్ణి నోటితో ఇంకోలా ఎలా చెప్పను అని ఊరుకున్నాను. నా చేత్తోనే రొట్టె ముక్కలు పెట్టాను. మూడు రోజులు పెట్టాను, మూడు రోజులూ కొత్త మాటలు రాశాను. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం పట్టుకుంది. నీ మాటలు రాయడం మొదలెట్టిన పందొమ్మిదో రోజు పోయాడు. నీ ఉత్తరం ఆ మర్నాడు అందింది.

కూతురు వచ్చింది. పుస్తకం అడిగి తీసుకుని, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చదువుకుంది. "మా నాన్న చివర్లో ఇంత హాయిగా తిన్నాడా" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. మూడు నెలలు నిండకుండానే, అదే వారం నన్ను పనిలో ఖాయం చేశారు. మూడు వారాలు నేను నోరు విప్పలేదు. తింటున్నాను, పడుకుంటున్నాను. నా మొహం నాకు చూడబుద్ధి కాలేదు.

మొన్న ఆదివారం ఆ కూతురింటికి వెళ్ళి చెప్పేశాను. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. అంతా విని, ప్లగ్గు పీకి, కూర్చుంది.

"అయితే మొదటి రోజు ఎలా తిన్నాడు?" అంది.

"కష్టంగా."

"రెండో రోజు?"

"కష్టంగా."

పదిహేను రోజులూ అడిగిందే. ఒక్క రోజు కూడా వదల్లేదు. పదిహేనుసార్లూ అదే చెప్పాను. తర్వాత తలుపు తీసి పట్టుకుంది, వెళ్ళమని.

అట్నుంచి అటే వెళ్ళి సిస్టర్‌కీ చెప్పాను. ఆవిడ పనిలోంచి పొమ్మంది.

తప్పు నాదని రాశావు. నువ్వు మాటలు పంపావు, అంతే. మనిషిని చూసింది నేను.

శనివారం బండికి వస్తున్నాను. చంటిదాన్ని స్టేషనుకి తీసుకురాకు.

నీ
నేను