మూడింటికి మంచు విడుతుంది

నోవై, మిషిగన్
మార్చి 9, 2025

పూజ్యులైన వదినగారికి,

మల్లికార్జునరావు నమస్కారాలు. ఇక్కడ అంతా మామూలే. వాకిట్లో మంచు ఇంకా కరగలేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఫోన్‌లో మీరడిగేవాటికి నా దగ్గర జవాబులుండవు. కాగితం మీదయితే ఆలోచించుకునే వీలుంటుంది.

ఏప్రిల్‌లో చెంచా వెళ్తున్నాను. వీసా ఫారంలో 'ప్రయాణానికి కారణం' అన్నచోట, మా మామగారు ఇథియోపియా కొండల మీద ఆ ఊళ్ళో ఐదేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశారనీ, మా ఆవిడ అక్కడే పెరిగిందనీ రాయాలనుకున్నాను. చూస్తే అక్కడ ఒక్క గడే ఉంది. టూరిజం అని రాశాను.

జయంతి పోయి పదహారు నెలలయింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో తీసుకెళ్ళమని తను నన్ను అడిగిన ఊరు అదొక్కటే. 2017 ఏప్రిల్‌కి ఇద్దరికీ టికెట్లు తీశాను. మా కార్ల ప్లాంట్‌లో కొత్త మోడల్ లాంచ్ వచ్చింది. కాన్సిల్ చేశాను. వచ్చే ఏడాది వెళదామన్నాను. సరే అంది. తర్వాత మళ్ళీ అడగలేదు.

శనివారం సంతలో మంచు విడిపోయి జనమంతా ఒక్కసారిగా కనిపించే క్షణం గురించి చెబుతుండేది. అది చూడాలి. ఎక్కడ నిలబడాలో, ఎన్నింటికి వెళ్ళాలో మీకు గుర్తుంటే రాయండి.

ఇట్లు,
మల్లికార్జునరావు

తా.క. ఊరి పేరు చెంచా అనగానే ట్రావెల్ ఏజెంట్, "పక్కనే గరిటె కూడా ఉంటుందా అంకుల్" అన్నాడు. నేను నవ్వలేదు. ఇంటికొచ్చాక నవ్వొచ్చింది. చెప్పడానికి ఎవరూ లేరు.


కమ్మింగ్, జార్జియా
మార్చి 16, 2025

మరిదిగారికి,

కృష్ణకుమారి దీవెనలు. వయసులో మీకన్నా రెండేళ్ళు చిన్నదాన్నే, కానీ వరసలో పెద్దదాన్ని కాబట్టి దీవిస్తున్నాను, పుచ్చుకోండి.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఈ పదహారు నెలల్లో మీరు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అంత పొడుగుండవు.

ఇక వినండి. సంత మైదానానికి పైన ఒక గట్టుంటుంది. నిలబడాల్సింది అక్కడ. నేనూ జయంతీ చేతులు పట్టుకుని అక్కడే నిలబడేవాళ్ళం. కింద ఏమీ కనిపించేది కాదు. తెల్లగా మంచు. అందులోంచి గాడిదల అరుపులు, బేరాలు, కాఫీ గింజలు వేయించే వాసన. మూడింటికి మంచు విడుతుంది. ఊళ్ళో ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు, మూడింటికి మంచు విడుతుంది అని. ముసుగుతన్ని పడుకున్నవాళ్ళ మీంచి దుప్పటి లాగేసినట్టు వేలమంది, ఎర్ర తుండ్లు, తెల్ల శాలువాలు, అన్నీ ఒక్కసారిగా. జయంతి ప్రతి వారం అదే మొదటిసారన్నట్టు నా చెయ్యి నొక్కేది.

మూడంటే మూడే. పెళ్ళికే నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చిన మనిషి మీరు, అందుకని రెండుసార్లు రాస్తున్నాను. మూడు.

ఇంకో పని. మా ఇంటి వెనక అరటితోట ఉండేది. ఆకులు మనిషికి రెండింతలు. నాన్నగారు ఐదేళ్ళు నీళ్ళు పోయించారు. ఒక్క గెల వెయ్యలేదు. ఆయన చివరిదాకా "మనం వచ్చేశాక కాసుంటాయే" అనేవారు. కాసాయేమో చూసి రండి.

ఇట్లు,
కృష్ణకుమారి

తా.క. ఇకమీద నా ఉత్తరాలు మా రష్మి ఫోటో తీసి మీ ఫోన్‌కి పంపుతుంది. నా కూతురే అయినా ఇక్కడ పుట్టి పెరిగింది, తెలుగు చదవడం రాదు. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను, అది చేసే సాంబారు కుళాయి నీళ్ళలా ఉంటుంది.


చెంచా
ఏప్రిల్ 5, 2025, శనివారం

వదినగారికి,

నమస్కారాలు. నిన్న క్షేమంగా చేరాను. నేనూ ఫోటో తీసే పంపుతున్నాను.

ఊరు ఎత్తులో ఉంది. చలి. నోవై కోటు పనికొచ్చింది. ఇక్కడ మగవాళ్ళు నేస్తారు, ఆడవాళ్ళు నూలు వడుకుతారు. వెదురు అల్లి కట్టిన ఇళ్ళు మనిషికన్నా చాలా ఎత్తు, వాకిలి తొండంలా ముందుకొచ్చి ఉంటుంది. జయంతి కాగితం మీద గీసి చూపించినప్పుడు అవి ఏనుగులనుకున్నాను.

సమయపాలన మాత్రం లేదు. గెస్ట్‌హౌస్ యజమాని పేరు దెజెనె. మర్యాదస్తుడు. టిఫిన్ ఒంటిగంటకన్నాడు. ఆకలితో ఒంటిగంట దాకా కూర్చుని వెళితే గిన్నెలు కడిగి బోర్లించేశారు.

మీరు చెప్పిన గట్టు దొరికింది. మధ్యాహ్నం రెండున్నరకే వెళ్ళాను. ఎండ బాగా ఉంది, సంతంతా స్పష్టంగా కనిపిస్తోంది. సరిగ్గా మూడింటికి మంచు విడలేదు, దిగింది. ఆ తర్వాత సంత కనిపించలేదు. ఒక గాడిద కనిపించింది. అది కూడా నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

దారి తెలియలేదు. అస్నకెచ్ అనే ఆవిడ నా కోటు చెయ్యి పట్టుకుని గెస్ట్‌హౌస్ దాకా నడిపించింది. సంతలో నూలు అమ్ముతుంది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. హాయిగా నడిచాం.

మీరు పన్నెండేళ్ళ వయసులో చూసిన సంగతి. పొరపాటు పడి ఉంటారు. తప్పు పట్టడం లేదు.

ఇట్లు,
మల్లికార్జునరావు

తా.క. అరటిచెట్లు ప్రతి ఇంటి వెనకా ఉన్నాయి. ఎక్కడా గెల లేదు. కనుక్కుంటాను.


కమ్మింగ్
ఏప్రిల్ 7, 2025

మరిదిగారికి,

దీవెనలు, ఈసారి కొంచెం తక్కువ.

పొరపాటా? నిన్న తిన్న కూర మర్చిపోతానేమో గానీ చెంచా మర్చిపోను. మూడింటికి మంచు విడుతుంది. ఆ ఊళ్ళో అది సూర్యుడికి కూడా తెలుసు. మీరు వాచీ చూసుకుంటూ నిలబడి ఉంటారు, మంచు సిగ్గుపడి ఉంటుంది. అయినా విడేదాకా ఆగే ఓపిక మీకెప్పుడుంది? ఓపికంతా మా చెల్లెలిది. మీ లాంచ్ అయ్యేదాకా ఆగింది, ఆ తర్వాత ఇంకో లాంచ్ అయ్యేదాకా ఆగింది.

ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కొట్టేస్తే ఏం రాశానోనని మీరు ఇంకా ఘోరంగా ఊహించుకుంటారు. ఉండనిచ్చాను.

మళ్ళీ శనివారం దాకా ఉంటారుగా, మళ్ళీ వెళ్ళండి.

ఇట్లు,
కృష్ణకుమారి

తా.క. రష్మి ఫోన్‌లో ఏదో పెట్టుకుందట, నా చేతిరాతని కూడా చదివి ఇంగ్లీషులో చెప్పేస్తోంది. సాంబారు సంగతి తెలిసిపోయింది. మూడు రోజులుగా వంట నాదే.

ఇంకో తా.క. ఆ అస్నకెచ్ ఎవరు? హాయిగా నడవడమేమిటి?


చెంచా
మెగాబిత్ 30, 2017, మంగళవారం

వదినగారికి,

నమస్కారాలు. మీరు ఆ వాక్యం కొట్టేయకపోవడమే మంచిదయింది. నాకు తెలిసిన విషయమే. ఎవరైనా అనాలి.

మూడింటి సంగతి తేలింది. ఇక్కడ రోజు పొద్దు పొడవడంతో మొదలవుతుంది, గంటలు అక్కణ్ణించి లెక్కపెడతారు. మన ఏడు వీళ్ళకి ఒంటిగంట. మన తొమ్మిది వీళ్ళకి మూడు. మంచు విడేది పొద్దున్న తొమ్మిదింటికి. మీరు కరెక్టు. టిఫిన్ కూడా కరెక్టే. ఊరు సమయానికే నడుస్తోంది. ఆలస్యంగా వచ్చింది నేను.

ఈరోజు కూడా సంత ఉంది గానీ వాన. శనివారం వెళతాం. గట్టు దాకా దారి జారుతోంది కాబట్టి అస్నకెచ్ తోడు వస్తానంది.

మేము బాగున్నాం.

ఇట్లు,
మల్లికార్జునరావు

తా.క. అది అరటి కాదు. ఎన్‌సెట్ అంటారు. చూడ్డానికి అరటే. తినడానికి పండు ఉండదు. దాని మొదలు గోకి, గుంటలో పాతిపెట్టి, నెలల తర్వాత తీసి రొట్టె చేసుకుంటారు. మామగారు ఐదేళ్ళు గెల కోసం చూస్తుంటే ఊరంతా మర్యాదకి ఏమీ అనలేదనుకుంటాను.


కమ్మింగ్
ఏప్రిల్ 10, 2025

మరిదిగారికి,

గంటల విషయం మీరు రాయగానే తట్టింది. మా ఇంట్లో రెండు గడియారాలుండేవి, నాన్నగారిదొకటి, ఊరిదొకటి. ఆయన బడికి ఒకటి చూసుకుని, భోజనానికి ఇంకోటి చూసుకునేవారు. అది సరే. కానీ మీ ఉత్తరం పైన తేదీ ఏమిటి? 2017 ఏమిటి? ఆ నెల ఏమిటి?

రష్మి ఫోన్‌తో చదివేసి కాపెల్‌లో ఉన్న మీ అమ్మాయి భవితకి చెప్పేసింది. భవిత గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేసింది. ఆ దెజెనె ఏమన్నాడో దాని మాటల్లోనే రాస్తున్నాను. "పెద్దమ్మా, రిజిస్టర్‌లో మిస్టర్ అండ్ మిసెస్ అని ఉందట. రోజూ రూమ్‌కి టూ కాఫీస్ వెళ్తున్నాయట. మేడమ్ ఎలా ఉన్నారంటే, చాలా క్వైట్, అసలు డిస్టర్బ్ చెయ్యరు అన్నాడు. డాడీ ఎవరితో ఉన్నారు పెద్దమ్మా?"

ఇక్కడ రెండు పార్టీలు తయారయ్యాయి. పిల్లలిద్దరిదీ మెమరీ లాస్ పార్టీ. డాడీకి ఏ ఇయరో తెలియట్లేదు, వెళ్ళి తీసుకొచ్చేస్తానని భవిత ఫ్లైట్లు చూస్తోంది. నాది అస్నకెచ్ పార్టీ. "మేము బాగున్నాం" అని రాశారు. ముప్ఫై ఏళ్ళుగా మీ ఉత్తరాలు చూస్తున్నాను, మీరు ఎప్పుడూ "ఇక్కడ అంతా మామూలే" అనే రాస్తారు.

మీరు ఒంటరిగా ఉండాలని నేననను. ఆ ఇంట్లో మీరొక్కరే గిన్నె కడుక్కుంటున్నారని తలచుకుంటే నాకు అన్నం సహించదు. ఎవరినైనా చేసుకోండి, చెప్పి చేసుకోండి. ఒక్కటే అడుగుతున్నాను. శనివారం ఆ గట్టు మీద మాత్రం ఆవిణ్ణి నిలబెట్టకండి. అది మా ఇద్దరి చోటు.

ఇట్లు,
కృష్ణకుమారి

తా.క. బాబాయ్, నేను రష్మి. నేను మాట్లాడితే ఫోన్ తెలుగులో రాస్తుంది. అమ్మ ఏడ్చింది, కానీ నీకు చెప్పొద్దు అంది. నా సాంబార్ బాగుంటుంది.


చెంచా
మియాజియా 4, 2017, శనివారం

వదినగారికి,

నమస్కారాలు. ముందుగా అస్నకెచ్ గారి వయసు డెబ్భై ఆరు. పెళ్ళి మాటెత్తితే చేతికర్రతో కొట్టగల మనిషి. మీ పార్టీ ఓడిపోయింది. జయంతి చిన్నప్పటి ఫోటో చూపిస్తే గుర్తున్నట్టు తలూపింది. గుర్తుండదు. నేనూ నమ్మినట్టు తలూపాను.

పిల్లల పార్టీ కూడా ఓడిపోయింది. నేను తేదీ తప్పు రాయలేదు. గంటల లాగే ఇక్కడ నెలలూ సంవత్సరాలూ వేరు. మన లెక్కకి ఏడెనిమిదేళ్ళు వెనక. ఇక్కడ ఇది 2017. భవితకి చెప్పండి, టికెట్ తీయవద్దని.

వచ్చిన రోజు దెజెనె పుస్తకం తెరిచి తేదీ తనే వేశాడు. సంవత్సరం వేసి, పేర్లు రాయమని పుస్తకం నా వైపు తిప్పాడు. నేను ఆ అంకె చూస్తూ నిలబడ్డాను. ఇది ఏ సంవత్సరం అని అడిగాను. చెప్పాడు. 2017 ఏప్రిల్‌లో మేమిద్దరం రావాలి. టికెట్లు తీసుకున్నాం. ఆ ఏడాది జయంతి ఉంది. ఒక్కడినే అని రాస్తే తప్పవుతుంది. ఇద్దరి పేర్లూ రాశాను.

మీరు కంగారుపడతారని ఇక్కణ్ణించి రాసిన మొదటి ఉత్తరం మీద 2025 వేశాను. రెండో ఉత్తరానికి చెయ్యి మాట వినలేదు.

రెండో కాఫీ నేను అడగలేదు. దెజెనె తెచ్చాడు. వద్దనలేదు. చల్లారాక నేనే తాగుతున్నాను. మేడమ్ చాలా నెమ్మదస్తురాలని ఆయన భవితతో అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయనకి మొదటిరోజే తెలుసు. మేడ మీదకి ఒక్క పెట్టే మోశాడు.

ఈరోజు వీళ్ళ రెండున్నరకే గట్టు ఎక్కాను. అస్నకెచ్ గారు పైదాకా తీసుకొచ్చి, నూలు అమ్ముకోవాలని కిందికి దిగిపోయింది. అక్కడ ఎవరినీ నిలబెట్టలేదు. ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డాను.

మంచు మూడూ పదికి విడింది. ముందు చప్పుడు, వాసన. తర్వాత ఎవరిదో తలమీద మోపు, దాని కింద మనిషి, ఆ పక్కన ఇంకొకరు, ఇక లెక్కపెట్టలేకపోయాను. మీరు చెప్పినట్టే ఉంది. జయంతి చెప్పినట్టే ఉంది. చూశావా అనబోయి పక్కకి తిరిగాను. ఒక మేక ఉంది. దానితోనే అన్నాను.

జయంతి పోయింది 2023లో. ఇక్కడి లెక్కన దానికి ఇంకా ఆరేళ్ళుంది.

సెప్టెంబరులో వీళ్ళకి 2018 వస్తుంది. అప్పుడు మళ్ళీ వస్తాను. మీరూ రండి. దెజెనె పుస్తకంలో మా ఇద్దరి పేర్ల కింద ఇంకో పేరు పట్టే జాగా ఉంది. చూసే రాస్తున్నాను.

ఇట్లు,
మల్లికార్జునరావు, జయంతి

తా.క. ఎన్‌సెట్ రొట్టె తిన్నాను. పుల్లగా, గట్టిగా ఉంది. కుళాయి నీళ్ళలాంటి సాంబారులో నానబెడితే తప్ప దిగదు. రష్మినీ తీసుకురండి.