నీ కోడి నువ్వే తెచ్చుకో

చిరంజీవి తమ్ముడు సతీష్‌కు అక్క నాగలక్ష్మి దీవించి రాసేది. ఇక్కడ నేను, చిన్నాయన, మేకలు, అందరం బాగానే ఉన్నాం. నువ్వు, మరదలు కళావతి, పాప కూడా అక్కడ బాగుండాలి. ఎంత కోపంలో ఉన్నా ఈ మాట ముందు రాయాలని బడిలో నేర్పారు కాబట్టి రాశాను. ఇక నా కోపం విను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని, మనోళ్ల గ్రూపులోంచి ఎందుకు పోయావని అడిగావు. "నేను రోజూ అందరితో టచ్‌లనే ఉంటున్న గదా అక్కా" అని కూడా రాశావు. ఉంటున్నావురా, ఎందుకుండవు! తెల్లారేసరికి గులాబీ పువ్వు, దాని కింద శుభోదయం. మొన్న చిన్నాయన జ్వరంతో మూలుగుతున్నాడని గ్రూపులో పెడితే, రెండు చేతులు జోడించిన బొమ్మ పంపావు. దండం ఎవరికి పెట్టావురా, జ్వరానికా? పక్కింటి ఎర్రమ్మత్తకు ఫోనే లేదు. ఆమె వచ్చి గంజి కాచింది, తడిగుడ్డ వేసింది, నన్ను కాసేపు పడుకోమంది.

చిన్నాయన ఎలా ఉన్నాడని అడిగావు. లేచి తిరుగుతున్నాడు. పొద్దున్నే కర్ర పట్టుకుని గూడెమంతా తిరిగి, ప్రతి దడి దగ్గరా ఆగి "ఏం పిల్లా, తిన్నరా?" అని అడిగితే గానీ ఆయనకు ముద్ద దిగదు. మోకాళ్లు నొస్తున్నాయి కదా, కూర్చోరాదా అంటే, "అడగకుంటె మనుషులు దూరమైతరు బిడ్డా. నడవకుంటె దారిల గూడ గడ్డి మొలుస్తది" అంటాడు.

పండగకు సెలవు దొరకదు, వీడియో కాల్ చేస్తే చూస్తానన్నావు. అక్కడే నా ఒళ్లు మండింది. వచ్చే ఆదివారం చిక్కుడు కొత్త పండగ. ఈ ఏడు గూడెం తరఫున మొదటి చిక్కుళ్ల గంప దేవర ముందు పెట్టే వంతు మనింటిది. చిన్నాయన చేతుల మీదుగా పెట్టాలి. కొత్త పెట్టకముందే ఇంట్లో ఒక్కరు చిక్కుడు ముట్టినా ఆ ఇంటి గంప చెల్లదని నీకు తెలియదా? అమ్మానాన్న పోయాక నిన్ను భుజాన మోసుకుని దేవర దగ్గరికి తీసుకుపోయింది ఆయనే కదా! అలాంటిది నువ్వు టిఫిన్ డబ్బా తెరిచి, చిక్కుడుకాయ కూర ఫొటో తీసి గ్రూపులో పెడతావా? కళావతిని ఒక్క మాట అనను. ఆ పిల్లకేం తెలుసు, చెప్పాల్సింది నువ్వు.

ఆ కూర గూడెంలో సగం ఫోన్లలోకి వచ్చింది. గూడెం పెద్ద, పటేల్ వీరన్న ఇంటికే వచ్చాడు. "జంపయ్యా, మీ పిలగాడు ముట్టిండు. గంప ఇంకో ఇంటికి ఇద్దామా?" అని చిన్నాయనను అడిగాడు. చిన్నాయన నా ఫోన్ తీసుకుని ఆ ఫొటో చాలాసేపు చూశాడు. "గవి పట్నంల కొన్నయి గదా, మన పందిరివి కావు గదా" అన్నాడు. ఎన్నడూ ఎవరితో వాదించని మనిషి నీ కోసం వాదించాడురా.

పటేల్ ఒప్పుకోలేదు. "వాడు ఈ ఇంటోడు కాదు, ఏరు అని చెప్పుండ్రి, గంప మీకే ఉంటది. లేకుంటె శనివారం వాడే కోడిని పట్టుకొచ్చి దేవర ముందు తప్పు ఒప్పుకోవాలె. వాని బదులు ఇంకొకరు పెడితె చెల్లది" అన్నాడు. ఇద్దరూ నా మొహం చూశారు. అనబోయాను సతీషూ. చిన్నాయన గంప కోసం, నువ్వు వేరని అనేద్దామనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

ఇక దాచిన మాట చెబుతున్నాను. లేచి పెరట్లోకి పోయి, పందిరి మీది చిక్కుడుకాయ తెంపి తెచ్చి, పటేల్ ఎదుటే పచ్చిది నమిలాను. "పిల్లా!" అని చిన్నాయన కేకేశాడు. "ఇప్పుడు నేను గూడ ఏరేనా పటేలా? గట్లయితె ఈ ఇంట్ల ఎవరున్నట్టు?" అని అడిగాను. "అయితె నువ్వు గూడ శనివారం కోడి పెట్టాలె" అని ఆయన వెళ్లిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక కొత్త పెట్టకముందు నేను ముట్టింది అదే మొదలు.

నిన్నటి నుంచి చిన్నాయన నాతో మాట్లాడటం లేదు. కానీ పందిరి కింద కూర్చుని గంప మాత్రం అల్లుతూనే ఉన్నాడు.

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని ఆటో రాజుకిచ్చి పంపుతున్నాను. నా నల్లపెట్టను నా కోసం కట్టేసి ఉంచాను. అది నీకు చెల్లదు. నీ కోడి నువ్వే తెచ్చుకో, ఏన్కూరులో బస్సు దిగితే దొరుకుతుంది. కళావతిని, పాపను తీసుకురా. వస్తున్నానని ఫోన్ చెయ్యకు, గులాబీ పువ్వు అసలే పంపకు. శనివారం నేనొక్కదాన్నే నిలబడితే నా తప్పు ఒక్కటే తీరుతుంది. చిన్నాయన అల్లిన గంప ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు,
నువ్వు వేరనలేక నీతోపాటు ముట్టిన
నీ అక్క,
నాగలక్ష్మి